పరగడుపు పాఠం

నల్గొండలో ఆ శిక్షణకు మేము పంతొమ్మిది మందిమి చేరాం. పద్దెనిమిది మంది యోగా నేర్చుకోవడానికి వచ్చారు. నేను మాత్రం దొంగను పట్టుకోవడానికి పోయాను.

అప్పటికి నాలుగేళ్ళుగా నేను తిరుమలగిరిలో ఒక బడి ఆవరణలోని గదిలో పనిచేస్తున్నాను. నడవలేని పిల్లలు, మాట రాని పిల్లలు, ఎనిమిదేళ్ళొచ్చినా రెండేళ్ళ బుద్ధి దగ్గరే ఆగిపోయిన పిల్లలు అక్కడికి వస్తారు. వాళ్ళకు తినిపించడం, ఆడించడం, బట్టలు తడుపుకుంటే మార్చడం నా పని. ఇట్లాంటి పిల్లలకు యోగాతో చికిత్స చేయడం ఆరు నెలల పాటు ఆదివారాలు నేర్పుతారని, మా గది తరఫున ఒకరు పోవాలని పైనుంచి కబురొచ్చింది. చికిత్స అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నేనే పోతానన్నాను. నా తిక్క తెలిసిన తోటి ఉద్యోగిని, అక్కడ ఎవరితోనూ కొట్లాట పెట్టుకోవద్దని మరీ మరీ చెప్పి పంపింది.

మా చెల్లె సంగతి చెప్పకపోతే ఈ మంట ఎక్కడిదో మీకు తెలియదు. మేము సాలెవాళ్ళం. బాపు మగ్గం మీద, అమ్మ రాట్నం దగ్గర, నేను పుస్తకాల ముందు. నాకంటే పదకొండేళ్ళు చిన్నదైన చెల్లెకు పుట్టినప్పటి నుంచి ఫిట్స్ ఉండేవి. హైదరాబాద్ పెద్ద దవాఖానలో పొద్దున ఒక గోలి, రాత్రి ఒక గోలి రాసిచ్చారు. అవి వేసినన్నాళ్ళు ఫిట్స్ రాలేదు. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి గోడ పట్టుకుని నడిచేది. పది పన్నెండు మాటలు వచ్చేవి. అందులో ఒకటి అక్క.

తెలంగాణ వచ్చిన యేడు, రోడ్డు పక్కన గుడిసె వేసుకుని పసరు పోసే మనిషి ఒకడు మా ఊరి దాకా పేరు తెచ్చుకున్నాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. పసరు, ఇంగ్లీషు గోలి ఒక కడుపులో ఇమడవని, నలభై రోజులు గోలీలు ఆపితే పిల్ల లేడిపిల్ల లాగా పరుగెత్తుతుందని చెప్పాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ చదివాను. గోలీలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దని డాక్టరు చెప్పింది నాతోనే. అయినా ఆ మనిషి అంత నిబ్బరంగా చెబుతుంటే నోరు మెదపలేకపోయాను. మొదటి రెండు వారాలు చెల్లె నిజంగానే హుషారుగా ఉంది. పదిహేడో రోజు ఫిట్స్ వచ్చి, ఆటో నల్గొండ దవాఖాన చేరేదాకా ఆగలేదు. చెల్లె బతికింది. నడక పోయింది, మాటలు పోయాయి. బాపు నిలదీయడానికి పోతే ఆ మనిషి కళ్ళు మూసుకుని, మీరు పథ్యం తప్పారన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని మా అవ్వ అనేది. అప్పటి నుంచి నేను ఎవరినీ నమ్మను. ఆ రోజు అడగని ప్రశ్నకు బదులుగా ఇప్పుడు అందరినీ అడుగుతాను. అంగట్లో పప్పులమ్మేవాణ్ణి కూడా వదలను. అట్లాంటిది, చికిత్స పేరుతో పిల్లలను తాకే మనిషిని వదులుతానా? ఈ యోగా వాళ్ళు కూడా ఏదో ఒక పూట గోలీలు ఆపమంటారు. అనగానే పట్టుకోవాలి. ఇంకో పిల్లకు మా చెల్లె గతి పట్టకూడదు. నేను నార్కట్‌పల్లిలో బస్సు మారి నల్గొండ పోయింది ఇందుకే.

నేర్పే ఆమెది కొల్లాపూర్ దిక్కు. యాభై అయిదేళ్ళుంటాయి. నేత చీర, నెరిసిన జుట్టు, మెల్లటి గొంతు. ఆ మెల్లటి గొంతే నాకు మొదట నచ్చలేదు. మిగతా వాళ్ళంతా రెండో వారానికే అమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. నాకు అమ్మ ఇంట్లో ఉంది. నేను మేడం అనే అన్నాను. తరగతి మొదలయ్యే ముందు ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంటే, పిల్లి కూడా కళ్ళు మూసుకునే పాలు తాగుతుందని నేను ఒక కన్ను తెరిచి ఆమెనే చూసేదాన్ని. నా నోటుబుక్కులో ముందు పేజీలు పాఠానికి, వెనక పేజీలు ఆమెకు. నూనెలు అమ్ముతుందా, ఎవరైనా బాబా ఫోటో పెట్టుకుందా, ఎంతమందికి నయం చేశానని గొప్పలు చెబుతుందా అని వారం వారం రాసుకున్నాను. మూడు నెలలైనా వెనక పేజీలు నిండలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఒక ఆదివారం ఆమె చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు తెరిచి ఉన్న ఆమె సంచిలోకి తొంగిచూశాను. తప్పే. సంచిలో రెండు రకాల గోలీల అట్టలున్నాయి. దొరికింది అనుకున్నాను. యోగాతో రోగాలు కుదురుతాయని మాకు చెప్పే మనిషి తాను మాత్రం గోలీలు మింగుతున్నదన్నమాట. ఆమె రాగానే అందరి ముందూ లేచి, ఆ గోలీలు ఏమిటని అడిగాను. పక్కామె నా చీర కొంగు పట్టి గుంజింది. మేడం మాత్రం సంచి నా ముందుకు జరిపింది.

"షుగరు గోలీలు. పద్నాలుగేండ్ల సంది ఏసుకుంటున్న. ఆసనాలు ఆసనాల కాడ, గోలీలు గోలీల కాడ. ఒకదాని జాగల ఇంకోటి కూసోదు బిడ్డా."

ఆ మాట విని అందరూ తలలూపారు. నేను వెనక పేజీలో, మాటకారి అని రాసుకున్నాను.

పాఠం మాత్రం బాగా చెప్పేది. ఇద్దరిద్దరిని జత కట్టి, ఒకరు పిల్లవాడిగా పడుకోవాలి, ఇంకొకరు వైద్యం చేయాలి అనేది. పిల్లవాడిగా పడుకున్నవాళ్ళు చేయి బిగించాలి, లేదా అసలు ఒంటి మీద స్వాధీనం లేనట్టు వదిలేయాలి. మనం లాగితే అవతలి కండరం ఎట్లా ఎదురు తిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. ఒకసారి ఆమె నా జతగా వచ్చి పిడికిలి బిగించి తెరవమంది. నేను వేళ్ళు పట్టి లాగాను. ఇంకా బిగుసుకుంది. తర్వాత నన్ను పడుకోబెట్టి నా పిడికిలి పట్టుకుంది. పట్టుకుందంటే మణికట్టు కింద చేయి పెట్టి ఊరుకుంది, అంతే. ఆమె తుమ్మెద లాగా సన్నగా గొంతులో మోత పెడితే అది ఆమె అరచేతిలో నుంచి నా ఎముకకు తగిలింది. కొంచెంసేపటికి బొటనవేలు వదిలింది, తర్వాత మిగతావి. తెరవొద్దని నేను పంతం పట్టి బిగించిన పిడికిలి అది. నా చేయి నా మాట వినకపోవడంతో నాకు భయం వేసింది. మందు పెట్టే మనుషులు కూడా ఇట్లాగే ఉంటారేమో అనిపించింది.

ఆ రాత్రి ఇంటికి పోయి చెల్లె మీద అదే ప్రయత్నం చేశాను. పదేళ్ళుగా మూసుకుని ఉన్న ఎడమ చేయి అది. మణికట్టు కింద చేయి పెట్టి, గొంతులో మోత పెట్టి, ఎదురుచూశాను. చాలాసేపటికి వేళ్ళు సగం విచ్చుకున్నాయి. అమ్మ ఒక నూలు కండెను ఆ వేళ్ళ మధ్య పెట్టింది. చెల్లె దాన్ని పట్టుకుని చూసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషం వేసింది, ఆ సంతోషం చూసి భయం కూడా వేసింది. ఎందుకంటే పదిహేడో రోజుకు ముందు కూడా మా ఇంట్లో ఇట్లాగే సంతోషపడ్డాం.

ఫిట్స్ ఉన్న పిల్లల గురించి చెప్పిన రోజు నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఈ రోజు నోరు జారుతుందని గట్టి నమ్మకం. గబగబా శ్వాస పీల్చి వదిలే పద్ధతులు వద్దు, ఊపిరి బిగబట్టడం వద్దు, తల కిందికి వేలాడేవి వద్దు, జ్వరమొచ్చిన రోజు చాప కూడా పరవొద్దు అని చెప్పింది. అన్నిటికంటే ముందు గోలీలు ఇస్తున్నారా అని తల్లిని అడగాలని, ఒక్కసారి అడిగి ఊరుకోకుండా ప్రతి వారం అడగాలని చెప్పింది. తిన్న వెంటనే ఆసనాలు చేయించొద్దని, చిన్నపిల్లలైతే తేలికగా తినిపించి గంటసేపు ఆగితే చాలని కూడా చెప్పింది. అన్నీ రాసుకున్నాను. నేను వెతుకుతున్న మాట మాత్రం రాలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారంటారు కదా, నా కళ్ళకు ఆమె చేతిలోవి పాలుగా ఎన్నడూ కనిపించలేదు. ఆరు నెలలు పూర్తయి సర్టిఫికెట్ కాగితం చేతికొచ్చినా, ఏదో ఒక రోజు దొరుకుతుందనే అనుకున్నాను.

తిరుమలగిరిలో మా గదికి వచ్చే పిల్లల్లో ఆరుగురికి నేను మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడు గంటలకు చాపలు పరిచేదాన్ని. ఆరుగురిలో ఒక్కడికే ఫిట్స్. ఆరేళ్ళవాడు. నడుము నిలవదు, మాట లేదు, నవ్వు మాత్రం గది నిండా ఉంటుంది. వాడి తండ్రి ఎక్కడో లారీ మీద ఉంటాడు, తల్లి కూలికి పోతుంది. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు మా చెల్లె కనబడేది. చేర్చుకున్న రోజే గోలీలు తెప్పించుకుని అట్టలు చూశాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్క పూట కూడా తప్పించనని వాడి తల్లి పిల్లవాడి తల మీద చేయి పెట్టి చెప్పింది. ఎవరైనా ఆపమంటే ముందు నాకు చెప్పాలని, అది యోగా నేర్పిన మేడం అయినా సరే అని నేను గట్టిగా చెప్పాను. ఆమె కళ్ళార్పకుండా విని సరేనంది.

మూడు నెలల్లో వాడు దిండు ఆసరాతో కూర్చోవడం నేర్చుకున్నాడు. అంతలో ఒంటిపూట బడులు వచ్చాయి. మధ్యాహ్నం తరగతిని పొద్దున ఏడున్నరకు మార్చాను. మొదటి రోజే ఇంకో పిల్ల పెరుగన్నం తిని వచ్చి, కాళ్ళు మడవగానే నా మీద కక్కింది. చీరంతా పాడయింది. నాకు కోపం వచ్చింది. తల్లులందరినీ నిలబెట్టి, రేపటి నుంచి ఏమీ పెట్టకుండా పరగడుపున తీసుకురావాలని, తిని వచ్చినవాళ్ళను గుమ్మం ఎక్కనివ్వనని చెప్పాను. అందరూ తల ఊపారు. మరునాటి నుంచి చాపలు శుభ్రంగా ఉన్నాయి.

ఆ తర్వాత ఆరో రోజున నేర్పిన మేడం మా గది చూడటానికి వచ్చింది. పిల్లల దగ్గర నా చేతులు ఎట్లా పెడుతున్నానో చూసి, బాగుందని చెప్పింది. అయితే పోయే ముందు బయట వేపచెట్టు కింద ఆ పిల్లవాడి తల్లిని కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. నేను కిటికీలో నుంచి చూశాను. మాట వినబడలేదు. మేడం చేయి ఆ తల్లి భుజం మీద ఉంది, ఆ తల్లి తల వంచుకుని వింటోంది. చెవులు రిక్కించినా లాభం లేకపోయింది. నాకు చెప్పకుండా మాట్లాడాల్సిన ముచ్చట ఏముంటుంది? మరునాడు పిల్లవాడి మెడలో కొత్త నల్లతాడు కనిపించింది. అడుగుదామనుకున్నాను. ఆ రోజు పై ఆఫీసు వాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకునే హడావిడిలో పడి అడగలేదు.

పదో రోజు పొద్దున, వాణ్ణి పక్కకు తిప్పి వీపు రుద్దుతుండగా, కళ్ళు పైకి పోయాయి. ఆ చూపు నాకు తెలుసు. మా గది ఆయా తాళాల గుత్తి వాడి చేతిలో పెట్టడానికి పరుగెత్తుకొచ్చింది. ఆమెను పక్కకు నెట్టి, వాణ్ణి ఒత్తిగిలి పడుకోబెట్టి, తల కింద నా చేయి పెట్టి గడియారం చూశాను. అయిదు నిమిషాలు దాటినా ఆగలేదు. అంబులెన్సు వచ్చేసరికి నా చేయి తిమ్మిరెక్కింది. దారిలో సూది మందు ఇచ్చాక ఆగింది. దవాఖానలో పడుకోబెట్టి, గోలీలు ఏమైనా ఆపారా అని డాక్టరు అడిగాడు. నేను లేదన్నాను. వాడి తల్లి పిల్లవాడి పాదాలు నిమురుతూ తల వంచుకుంది. ఆ వంచిన తల చూడగానే నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను.

బయట వరండాలోకి వచ్చి మేడంకు ఫోన్ చేశాను. ఇన్నాళ్ళకు దొరికావు అన్నట్టుగానే మాట్లాడాను. ఆ రోజు చెట్టు కింద ఏం చెప్పావో చెప్పమన్నాను. నువ్వు అని అన్నాను, మేడం అని కూడా అనలేదు. గోలీలు ఆపితే పిల్లలు ఏమైపోతారో మా ఇంటికొచ్చి చూడమని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. ఆమె నేను ఆగేదాకా ఆగింది.

"లేస్తుంటె ఆమెకు కండ్లు తిరిగినయి. పట్టుకుని కూసోవెట్టిన. తిన్నవా అంటె తినలేదన్నది. వారం సంది పొద్దుగాల తింటలేనన్నది. ఎందుకు తింటలేదో నన్నడుగుడు కాదు బిడ్డా, ఆమెనడుగు."

ఫోన్ పెట్టేశాను. అయినా నమ్మలేదు. ఆ తల్లి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఆమె ముందు నిలబడి పోలీసు లాగా అడిగాను. మెడలో తాడు ఎవడు కట్టాడు, ఏ బాబా దగ్గరికి పోయావు అని. దిష్టి తాడని, మొన్న వాళ్ళ అమ్మ వచ్చినప్పుడు కట్టిందని, ఎక్కడికీ పోలేదని చెప్పింది. మరి గోలీలు ఎందుకు ఆపావని అడిగాను. రాత్రిది ఒక్కనాడూ తప్పలేదంది. పొద్దుటిది అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. నేను అడిగింది ఆమెకు నిజంగా అర్థం కాలేదు.

"పరగడుపున తీస్కరమ్మంటిరి గద మేడం. ఆ గోలి తిన్నంకనే ఎయ్యాలని దవాఖానల జెప్పిండ్రు. తినకపోతె ఎట్ల ఎయ్యాలె?"

ఇంటికి పోయాక అన్నం పెట్టి వేయవచ్చు కదా అన్నాను. మా గది నుంచి ఆమె నేరుగా కూలికి పోతుందట. ఇంటి దగ్గర ఉండే అత్తకు చూపు ఆనదు, ఏ గోలి ఏదో తెలియదు. పొద్దుటి పూట దాటిపోయాక వేస్తే మంచిదో కాదో అని ఊరుకుందట. మా దిక్కు ఆడవాళ్ళు ఒక్కపొద్దును ఎంత నిష్ఠగా ఉంటారో నాకు తెలుసు. మా అమ్మ శనివారం మంచినీళ్ళు కూడా ముట్టదు. పరగడుపు అన్న మాట ఎట్లాంటి ఇంట్లో ఎట్లా పడుతుందో ఎరిగిన ఊరి మనిషినే నేను. ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ తన తప్పేమైనా ఉందేమో వెతుక్కుంది.

"ఒక్కపొద్దు లెక్కనే పట్టిన మేడం. వాడు పరగడుపున ఉంటె నేనెట్ల తింట? నేను గూడ ముద్ద ముట్టలె. ఏడ తప్పిందో తెలుస్తలేదు."

గంటసేపు ఆగితే చాలు అని రాసుకున్న మాట నా నోటుబుక్కు ముందు పేజీల్లోనే ఉంది. ప్రతి వారం అడగమన్న మాట కూడా ఉంది. ఏడున్నరకు మార్చిన తర్వాత నేను ఆమెను ఒక్కసారి అడగలేదు. మేడం నోట్లో నుంచి ఒక మాట వస్తుందేమోనని దాదాపు ఏడాదిగా కాపలా కాస్తూ, నా నోట్లో నుంచి వచ్చినదాన్ని చూసుకోలేదు. తొమ్మిది రోజులు పొద్దుటి గోలి ఆపించింది నేను. పసరు పోసినవాడికి తెల్లపంచె ఉన్నట్టు, నాకు కాగితం ఉంది. సిగ్గుతో ఆమె పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

తప్పు నాదని చెప్పాను. లోపలికి పోయి డాక్టరుకు కూడా అదే చెప్పాను. ఆయన మందలించాడు, గోలీ సమయాలు మళ్ళీ రాసిచ్చాడు. సాయంత్రానికి పిల్లవాడు కళ్ళు తెరిచాడు. నవ్వు రావడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, వాడి నవ్వు పోకూడదని. కూర్చోవడం మాత్రం మళ్ళీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. మేడంకు క్షమించమని చెప్పడానికి నేను కొల్లాపూర్ దాకా పోయాను. ఆమె నన్ను కూర్చోబెట్టి ముందు అన్నం పెట్టింది.

ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు. ఆ రోజు వరండాలో తప్పు నాదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ తల్లి ఒప్పుకోలేదు. తన మనసు నొచ్చుకోకుండా నేను అట్లా అంటున్నానని అనుకుంది. ఆమె మొహంలో నా మీద కోపం వెతికాను. లేదు. కనీసం అనుమానం కూడా లేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు ఆమె నన్ను అనుమానించి, గోలి సంగతి ఏమిటి మేడం అని ఎదురు అడిగి ఉంటే, వాడు ఆ మంచం మీద ఉండేవాడు కాదు. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. నా జీవితంలో ఎవరినీ అంతగా బతిమాలలేదు.

"ఇగ నుంచి నేను జెప్పిన మాటను ఊకెనే నమ్మకు. ఎందుకు, ఏంది అని అడుగు. నా మీద గూడ అనుమానం పడు."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఎంతో శ్రద్ధగా తల ఊపింది.

"సరె మేడం. మీరెట్ల జెప్తె గట్లనే."